సుద్దగీత లెక్క

మా ఆయనంత మొండిఘటం ఇంకొకరుంటే చూపించండి, దణ్ణం పెడతాను. అందరూ ఆయన్ని ఇరుసాయన అంటారు. పాతకార్ల వెనక ఇరుసు విప్పి, లోపలి పళ్లచక్రాలు బాగుచేయడమే జీవితమంతా చేసిన పని. ఎన్నిసార్లు సబ్బుతో తోముకున్నా ఆ చేతులకి గ్రీజు వాసన పోదు. నాకు ఆ వాసనంటే ఇష్టమే, ఆయనకి మాత్రం చెప్పకండి.

మొన్న సంగీతం టీచరమ్మ వాళ్ల నాన్న నాటి కారు తెచ్చింది. వెనక ఇరుసులో ఒకటే రొద. పళ్లు అరిగిపోయాయి. కొత్త జత వేయాలంటే ముందు నిష్పత్తి తెలియాలి. అంటే చక్రం ఒక్క చుట్టు తిరిగేసరికి ఇంజన్ వైపు నుంచి వచ్చే పొడుగాటి షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరుగుతుందో చూడాలి. ఆ అంకె కొట్టిన రేకుముక్క ఎప్పుడో ఊడిపోయింది. పాతసామాన్ల షాపులో ఈ కారుకి పట్టే జతలు రెండు రకాలున్నాయి, కొన్నాక వాపసు తీసుకోరు. తప్పు జత పడిందా, కొండమీదున్న టీచరమ్మ ఇంటికి కారు ఎక్కలేక చస్తుంది.

ఆయన ఒకవైపు చక్రం జాకీతో లేపి, షాఫ్ట్ మీద సుద్దతో గీత గీశాడు. రెండో చక్రం నేలమీదే ఉంటుంది కాబట్టి లేపినదాన్ని రెండు చుట్లు తిప్పితేనే ఒక చుట్టు లెక్కట. తిప్పుతూ కిందికి వంగి చూసి, మూడు చుట్లూ కాస్తా అన్నాడు. టీ గ్లాసు కింద పెడుతూ నేనూ తొంగిచూశాను. గీత నాలుగుసార్లు తిరిగింది. ఆ మాట అనగానే ఇంతెత్తున లేచాడు. నీకేం తెలుసు, ఇంట్లో పనేం లేదా అన్నాడు. షాపుకి ఫోన్ చేయబోతుంటే చేతిలోంచి లాక్కున్నాను.

"తప్పు జత తెప్పించారంటే రేపు ఈ షెడ్డు మొహం ఎవరు చూస్తారు? మళ్లీ తిప్పండి" అని గోనెపట్టా పరుచుకుని కారు కింద దూరాను.

గొణుక్కుంటూనే తిప్పాడు. గీత నాలుగు చుట్లు పూర్తిచేసి, గడియారంలో చిన్నముల్లు మూడున్నరకి ఉండే చోట ఆగింది. అలాగే చెప్పాను. నాలుగుంపావు దాటింది, అంటే చిన్న చక్రానికి పది పళ్లు, పెద్దదానికి నలభై మూడు అని లెక్క ఠక్కున తేల్చేశాడు. ఆ తరవాత చక్రం పక్కనే కూలబడ్డాడు.

గీత అసలు కనపడలేదు కదూ అని అడిగాను.

"ఎక్కడ చూసినా మధ్యలో మసక. డాక్టరు దగ్గరికెళ్తే షెడ్డు మూసేయమంటాడని వెళ్లలేదు."

నాకు ఒళ్లూ మండింది, ఏడుపూ వచ్చింది. ఆ గ్రీజు చెయ్యి పట్టుకుని చడామడా తిట్టాను. రేపే డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం, షెడ్డు మూసేదీ లేదు, గీతలు నేను చూస్తానని చెప్పాను. కొన్నాళ్లుగా నాతో మాట్లాడేటప్పుడల్లా మొహం పక్కకి తిప్పుకుంటున్నాడని నేను పెట్టని పోరు లేదు. పనిలో పనిగా అదీ అడిగేశాను.

"తిన్నగా చూస్తే నీ మొహం కనపడదే. పక్కకి చూస్తేనే కనపడతావు" అన్నాడు.



"అయితే పక్కకే చూడండి" అన్నాను.