మా బావా, పన్నెండు బోల్టులూ

మా బావ దృష్టిలో ఈ సృష్టి మొత్తం ఓ చుట్టు వదులుగా ఉంది. దాన్ని బిగించమని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఆ భారం ఆయనే నెత్తికెత్తుకున్నాడు.

మనిషికి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. పొద్దస్తమానం ఆవగింజంత స్క్రూలు బిగిస్తూ కూర్చుంటాడు. అలాంటి పని చేసేవాళ్ళకి ఓర్పు వస్తుందంటారు. మా బావకి ఆకలి వచ్చింది. ఇంటికొచ్చాక ఏదో ఒక పెద్ద బోల్టు బిగిస్తే గానీ ఆయనకి ముద్ద దిగదు. కుక్కరు పిడి, కుర్చీ కాళ్ళు, తలుపు గడియలు, దేన్నీ వదల్లేదు. తేనె సీసా మూత కిందటేడు బిగించాడు, ఇంతవరకూ ఆ ఇంట్లో ఎవరూ ఆ తేనె రుచి చూడలేదు. మీరు చావు కబురు చెబుతున్నా సరే, మధ్యలో "ఒక్క నిమిషం" అని మీ ముక్కు మీది కళ్ళజోడు లాగేసి, జేబులోంచి బుల్లి స్క్రూడ్రైవర్ తీసి, బిగించి, మళ్ళీ మీకే తగిలించి, "ఆ, ఇప్పుడు చెప్పు, ఎవరు పోయారూ?" అంటాడు.

ఇలాంటి మహానుభావుడి చేతికి దేవుడు ఓ పాత ఆటోమేటిక్ కారుని అందించాడు. దేవుడికి మాత్రం పొద్దుపోవద్దూ!

ఆ కారు ఎందుకు కొన్నాడో చెప్పాలంటే మా అక్క సంగతి చెప్పాలి. అక్క నర్సు. రెండేళ్ళ కిందట గేర్ల కారు నడుపుతూ వంతెన ఎక్కుతుంటే ఇంజను ఆగిపోయి, బండి వెనక్కి జారి, వెనకున్న వ్యానుకి గుద్దుకుంది. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. కానీ ఆ రోజు బల్ల మీద పెట్టిన తాళాలని అక్క మళ్ళీ ముట్టుకోలేదు. "దీనికి క్లచ్చు లేదు, గేర్లు మార్చే పని లేదు" అని బావ ఈ కారు కొనుక్కొస్తే, అక్క పక్క సీట్లో కూర్చుని, తలుపు పిడి గట్టిగా పట్టుకునేది. అంతకంటే ముందుకు రాలేదు.

కొన్న నెలకే కారు మాట్లాడటం మొదలుపెట్టింది. కదిలితే కిందనుంచి "టక్". మలుపు తిరిగితే "టక్ టక్". ఇంకొకళ్ళైతే బెంబేలెత్తిపోయేవాళ్ళు. బావ మొహం చింకి చాటంత అయింది.

గేరుబాక్సు నుంచి ముందు చక్రాలకి రెండు యాక్సిళ్ళు వెళ్తాయట. ఒక్కోదాన్ని గేరుబాక్సుకి పట్టి ఉంచేవి ఆరేసి బోల్టులు. ఆ పన్నెండూ వదులయ్యాయి. బావ కారు కింద దూరి బిగించాడు. వారానికల్లా మళ్ళీ వదులు. మళ్ళీ బిగించాడు, మళ్ళీ వదులు. ఆదివారాలు వాళ్ళింటికి వెళ్తే నాకు బావ దర్శనం పాదాలవరకే దొరికేది.

"బావగారూ, క్షేమమేనా?" అని పాదాలని అడిగేవాణ్ణి.

"పద్నాలుగో నంబరు పానా ఇలా అందించు" అనేవి పాదాలు.

"మెకానిక్‌కి చూపించొచ్చుగా?"

"వాడికేం తెలుసోయ్?"

"వాడు మెకానిక్ బావా."

"అదే నేనూ అనేది. వాడికి వంద కార్లు. నాకు ఒక్కటే."

ఆఖరికి అక్క పోరు పడలేక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాడు. నేనూ వెంటబడ్డాను, ఇలాంటి వినోదాన్ని ఎవరు వదులుకుంటారు? మెకానిక్ ఓ బోల్టు విప్పి, దాని చుట్ల మీద వేలు రాసి, ఆ నల్లటి వేలు బావ ముక్కు ముందు పెట్టాడు.

"ఏంటిది సార్?"

"గ్రీజు."

"ఎవరు పూశారు?"

"నేనే. తుప్పు పట్టకూడదని."

మెకానిక్ తల పట్టుకున్నాడు. "సార్, బోల్టుకి గ్రీజు పూస్తే అది నిలబడుతుందా? మీరు బిగిస్తారు, అది జారుతుంది. మళ్ళీ విప్పి గ్రీజు పూస్తారు, మళ్ళీ బిగిస్తారు. మీ చేతి బలానికి బోల్టులన్నీ సాగిపోయాయి కూడా. ఇవి వదులు కావట్లేదు సార్, మిమ్మల్ని తట్టుకోలేక పారిపోతున్నాయి."

నాకు ఎంత ఆనందమేసిందో చెప్పలేను. మెకానిక్ చుట్లన్నీ శుభ్రంగా కడిగాడు. కొత్త బోల్టులకి, ఊడకుండా పట్టే జిగురు చుక్క పెట్టి, ఎంత బిగువు చాలో "టక్" మని చెప్పే పానాతో బిగించాడు. చివర్న ఒక్కో బోల్టు తల మీంచి పక్కనున్న ఇనుము మీదకి పసుపు పెయింటుతో ఓ గీత గీశాడు. "బోల్టు వెంట్రుకవాసి కదిలినా ఈ గీత రెండు ముక్కలవుతుంది. గీత తిన్నగా ఉన్నంతకాలం దీని జోలికి రాకండి సార్, మీకు పుణ్యముంటుంది" అన్నాడు.

బావ తనకెవరో ఉపవాసం విధించినట్టు మొహం పెట్టాడు.

సరిగ్గా ఆ వారమే అక్కకి ఉత్తరం వచ్చింది. ఊరి చివర కొత్తగా కట్టిన ఆసుపత్రిలో పిల్లల వార్డుకి హెడ్ నర్సు. పదిహేనేళ్ళుగా ఎదురుచూస్తున్న పదవి. ఒప్పుకుంటున్నట్టు నెల రోజుల్లో సంతకం చేసి పంపాలి. కానీ పొద్దున్నే ఆరింటికి డ్యూటీ, ఆ వేళకి అటు బస్సు లేదు. కారులో వెళ్ళాలంటే దారిలో అదే వంతెన.

"వద్దని రాసేస్తాను" అంది అక్క ఉల్లిపాయలు తరుగుతూ, అదేదో ఉల్లిపాయల సంగతన్నట్టు.

"పొద్దున నేను దింపుతాగా" అన్నాడు బావ.

"మధ్యాహ్నం షాపు మూసి తీసుకురావడానికి కూడా వస్తారా? వార్డులో ఎప్పుడు పిలిస్తే అప్పుడు పరిగెత్తాలి. బస్సు లేదు కదా, వదిలేయండి."

బస్సు లేదని మూడుసార్లు చెప్పింది. తాళాల మాట ఎవరమూ ఎత్తలేదు. కాసేపయ్యాక చూస్తే, వంటింట్లో నిలబడి ఆ ఉత్తరాన్ని మళ్ళీ చదువుకుంటోంది. నా మనసు చివుక్కుమంది.

మా బావకి మాత్రం ఏమీ కాలేదు. ఆ ఆదివారమే ప్రకటించాడు: "మళ్ళీ టక్‌మంటోంది."

"కొత్త బోల్టులు బావా!"

"ఊడేంత వదులు కాదులే, చప్పుడు చేసేంత. నేను కింద చెవి పెట్టి వింటాను. ఎవరైనా మెల్లిగా నడపాలి."

"నేను నడుపుతాను."

"నీకు భయం లేదు. పనికిరావు."

"భయం దేనికి?"

"ఇరవై దాటితే ఆ చప్పుడు వినబడదోయ్. భయపడుతూ నత్తలా నడిపే మనిషి కావాలి. ఈ ఇంట్లో అలాంటి నిపుణురాలు మీ అక్క ఒక్కతే."

"చచ్చినా నడపను" అంది అక్క.

"నడపమని ఎవరన్నారు? బ్రేకు మీంచి కాలు తీయి చాలు. బండి దానంతటదే పాకుతుంది. ఈ సందు చివరిదాకా."

"మధ్యలో ఆగిపోతేనో?"

"ఆగితే దిగి నడిచొచ్చేద్దాం. ఎదురుగా కనబడేది మన గేటేగా!"

ఆ వాదనలో తప్పెక్కడుందో తేల్చుకునేలోపు అక్క స్టీరింగు ముందు ఉంది. పక్కన బావ, తలేమో కారు అడుగున మ్యాటు మీదా, కాళ్ళేమో సీటు మీదా. ఎదురింటావిడ పరిగెత్తుకొచ్చి, "అయ్యో, ఆయనకేమైందమ్మా, ఆసుపత్రికేనా?" అని కూడా అడిగింది. కారు పాకుతూ సందు చివరికి వెళ్ళి, పాకుతూ వచ్చింది.

మర్నాటి నుంచీ రోజూ ఇదే తంతు. రెండోవారం బావ వెనక సీట్లోకి మారాడు.

"శబ్దం వెనక్కి వెళ్ళింది" అన్నాడు.

"ముందు చక్రాల బోల్టుల శబ్దం వెనక్కెలా వెళ్తుంది బావా?"

"శబ్దం నిన్నడిగి వెళ్ళాలా?"

మూడోవారం కారు దిగేశాడు. లోపల కూర్చుంటే తేలట్లేదట, బయటనుంచి వినాలట. సందు మలుపులో చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. అక్క ఒక్కతే నాలుగు వీధులూ చుట్టి వచ్చేది, ఈయన ట్రాఫిక్ పోలీసులా చెయ్యెత్తేవాడు. "ఇంకో రౌండు! ఈసారి నలభైలో!" అక్క అలా ఒక్కరోజే పదకొండు రౌండ్లు కొట్టింది. బోల్టుల పిచ్చి ముదిరి మనిషి పూర్తిగా చేజారిపోయాడని నేను తీర్మానించుకున్నాను.

గడువు ఇంకా మూడు రోజులుందనగా నాకు ఒళ్ళు మండిపోయింది. "అక్క ఉద్యోగం చేజారిపోతుంటే మీకు ఈ దిక్కుమాలిన బోల్టులే ఎక్కువా?"

"ఎక్కువే" అన్నాడు తాపీగా.

"ఏవీ, ఎంత వదులుగా ఉన్నాయో నేనే చూస్తాను!" చొక్కా మాసిపోతుందని కూడా చూసుకోకుండా కారు కింద దూరాను.

పన్నెండు పసుపు గీతలూ తిన్నగా ఉన్నాయి. వెంట్రుకవాసి కూడా కదల్లేదు. వాటి మీద నెల్లాళ్ళ దుమ్ము పేరుకుని ఉంది. ఒక్క వేలిముద్ర లేదు. బోల్టు కంటబడితే బిగించందే ముద్ద మింగలేని మనిషి, నెల రోజులుగా పన్నెండు బోల్టుల మీద చెయ్యి వెయ్యకుండా నిగ్రహించుకున్నాడు! ఇన్నాళ్ళూ వేళాకోళమాడినందుకు సిగ్గేసింది.

బయటికొచ్చి "బావా..." అన్నాను. ఆయన వంటింటి వైపు ఓ చూపు విసిరి గొంతు తగ్గించాడు.

"నోరు మూసుకుని, వదులుగా ఉన్నాయని చెప్పు."

"ఎంత వదులు?"

"కొత్త ఆసుపత్రిదాకా వెళ్ళొస్తే గానీ తేలనంత."

లోపలికెళ్ళి అలాగే చెప్పాను. మా అక్కతో నేను చెప్పిన అబద్ధాల్లో అంత ఇష్టంగా చెప్పింది ఇంకోటి లేదు. "ఇద్దరం ఎక్కితే బరువుకి శబ్దం అణిగిపోతుంది" అని బావ తాళాలు ఆమె చేతిలో పెట్టాడు. అక్క ఆయన్ని ఎగాదిగా చూసింది. ఏమనుకుందో ఏమో, వెళ్ళి కారెక్కింది.

గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో బావ గేటు బందులు బిగించాడు, కుళాయి బిగించాడు, నా కళ్ళజోడు నాలుగుసార్లు బిగించాడు. అది ఈనాటికీ మడతపడదు. "వంతెన దాటి ఉంటుందంటావా?" అని నన్ను పదిసార్లు అడిగాడు. కారు చప్పుడు వినబడగానే మాత్రం వరండాలో పేపరు తిరగేసి పట్టుకుని చదువుతూ కూర్చున్నాడు.

అక్క దిగి, తలుపు దభీమని వేసింది.

"శబ్దం లేదు, మీ తలకాయా లేదు! ఆ వంతెన మీద ఒకడు ఇండికేటరైనా వెయ్యకుండా అడ్డంగా దూరిపోయాడండీ! కళ్ళు నెత్తికెక్కాయా వాడికి? హారన్ కొడితే నన్నే ఉరిమి చూస్తాడే! ఇంకొకావిడ రోడ్డు మధ్యలో ఆపి ఫోను మాట్లాడుతోంది. అసలు వీళ్ళకి నడపడం వచ్చా?"

పది నిమిషాలు ఆపకుండా తిట్టింది. రెండేళ్ళపాటు తలుపు పిడి వదలని మనిషి రోడ్డు మీదున్న వాళ్ళందరినీ చెడామడా తిడుతుంటే, మా బావ సంగీత కచేరీలో ముందు వరసలో కూర్చున్నట్టు తలాడిస్తూ విన్నాడు.

"ఆ ఉత్తరం ఎక్కడ పెట్టాను? పెన్నివ్వండి" అంది అక్క. నేను ఉత్తరం తెచ్చాను, బావ పెన్నిచ్చాడు. వేడిగా ఉన్న బానెట్ మీదే కాగితం పెట్టి సంతకం చేస్తూ కూడా ఆమె ఆగలేదు.

"అసలు వాడికి లైసెన్సు ఇచ్చిందెవరండీ?"

"కనుక్కుంటాను" అన్నాడు బావ, చాలా వినయంగా.