వంతెన మీద కర్పూరం

విదేశంలో మేముండే ట్రుగనీనా శివారులో, మా కాలనీ చివర వాగు మీద ఒక చెక్క వంతెన ఉంది. దాని మీద రెండు వరసల్లో కార్లు పోతాయి. పైన ఇంటికున్నట్టు కప్పు, పక్కల చెక్క గోడలు. చూసినవాళ్లు అందం కోసం అనుకుంటారు. వాన తగలకపోతే చెక్క కుళ్లదు, అందుకే ఆ కప్పు. ఈ సంగతి స్థానిక కౌన్సిల్‌కు నచ్చజెప్పడానికి, ఆ వంతెన కట్టించిన ఇంజనీరుగా నాకు మూడేళ్లు పట్టింది. "నిప్పంటుకుంటే?" అని ప్రతి మీటింగులోనూ అడిగేవారు. దూలాలు ఎంత మందమో, ఎంత నెమ్మదిగా కాలతాయో చూపించి ఒప్పించాను.

తెరిచిన రెండో నెలలోనే మనవాళ్లు ఆ వంతెనకు వేరే ఉపయోగం కనిపెట్టారు. కొత్త కారు పూజ! గుడి దూరం, ఆరుబయట గాలికి హారతి నిలవదు. ఇక్కడైతే చక్కగా కప్పుంది. చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్ మీద కుంకుమ, కింద చెక్క మీద కర్పూరం. ఒకరోజు కౌన్సిల్ ఆఫీసరు నన్ను పిలిచి, అరచేయంత నల్లటి మచ్చ చూపించాడు. ఇంకొక్కటి కనబడితే కార్లు ఆపేసి, వంతెనను నడిచేవాళ్లకే వదిలేస్తానన్నాడు.

ఆ ఆదివారం మా వీధి బార్బీకి, అంటే బార్బెక్యూ విందుకి, అందరూ వచ్చారు. నేను లేచి నిలబడ్డాను. చెప్పాల్సింది ఒక్క ముక్క: చెక్క కాలుతుంది. కానీ కాలేజీ రోజుల నుంచి మూఢనమ్మకాల మీద వాదించి వాదించి అలవాటుపడ్డ నోరు నాది. నిమ్మకాయ నలిగితే యాక్సిడెంటు ఎలా ఆగుతుందన్నాను. మరి ఇన్సూరెన్సు ఎందుకని నిలదీశాను. అరగంట దంచాను.

"మీరు నమ్మకపోతే చెయ్యకండి అంకుల్. మా ఫెయిత్ జోలికెందుకు?" అన్నాడు, మర్నాడు కొత్త కారు తెచ్చుకోబోతున్న ఐటీ ఉద్యోగి.

"సీట్ బెల్ట్ కూడా పెట్టుకుంటాం లెండి అంకుల్, డబుల్ సేఫ్టీ!" అంది అతని భార్య. అందరూ ఘొల్లుమన్నారు.

ఇంటికొస్తుంటే మా ఆవిడ అడిగింది: "దేవుడు లేడని చెప్పడానికి వెళ్లారా, వంతెన కాలుతుందని చెప్పడానికి వెళ్లారా?"

మచ్చ సంగతి నేను అసలు ఎత్తనే లేదు.

మర్నాడు సాయంత్రం వంతెన దగ్గర కాపు కాశాను. ఆ దంపతులు కొత్త కారులో, పళ్లెంతో సహా దిగారు. ఈసారి దేవుడి ఊసెత్తకుండా మచ్చ చూపించి, ఆఫీసరన్న మాట చెప్పాను.

"అయ్యో, ఇది నిన్ననే చెప్పొచ్చుగా అంకుల్! మరి ఎక్కడ చేసుకోమంటారు?" అన్నాడతను.

వంతెన కట్టేటప్పుడు క్రేన్ నిలబెట్టిన కాంక్రీటు దిమ్మ ఒకటి ఒడ్డున మిగిలిపోయింది. విసుగ్గా అటు చూపించాను.

వంతెన మీద ఇప్పటికీ కార్లు పోతున్నాయి. రెండో మచ్చ పడలేదు. దిమ్మకు మాత్రం ఎవరో పసుపు పూశారు, బొట్లు పెట్టారు, చుట్టూ ముగ్గు కూడా వేశారు. మొన్న వంతెన ఎక్కబోతూ కారు నెమ్మది చేస్తే, అక్కడ ఒక పెద్దావిడ కొత్తగా వచ్చినవాళ్లతో అంటోంది:

"ఇక్కడైతే చాలా మంచిదటమ్మా. ఆ ఇంజనీరు గారే స్వయంగా చూపించారట ఈ చోటు."

కిటికీలోంచి తల బయటపెట్టి నోరు తెరవబోయాను. పక్క సీట్లోంచి మా ఆవిడ నా వైపు చూసింది. అద్దం ఎత్తేసి వంతెన ఎక్కించాను.