జాతి మహిమ

ధవళేశ్వరం బడిలో ప్రకృతిశాస్త్రం చెప్పే యెహెజ్కేలు మాస్టారు రోజూ పొద్దున్నే పంచె ఎగగట్టి, తెల్లదొరగారి సీమపందికీ నాటుపందికీ పుట్టి తన దొడ్లో పెరుగుతున్న పిల్ల వీపు నొక్కి చూసేవారు. "నాటుదైతే ఎముకలే తగిలేవి. దీనికి వేలెడు మందాన కొవ్వు! అంతా జాతి మహిమ," అని మురిసేవారు. ఆ వేళ్లతోనే ఊయలలోని కొడుకు పక్కటెముకలు తడిమి, బెంగగా భార్య వైపు తిరిగేవారు. "మీ పుట్టింటివాళ్లంతా బక్కజాతి, జ్ఞానమ్మా!"

"బాబుకని తెచ్చిన ఆవుపాలు ప్రయోగమంటూ ఆ పంది తొట్టిలో పోసేస్తుంటే, వీడికేం ఒంటబడుతుందండీ?" అని ఒకరోజు ఆమె పాలచెంబు లాగేసుకుంది. నెల తిరిగేసరికి పంది వీపున ఎముక తేలింది, బాబుకు బుగ్గలొచ్చాయి. మాస్టారు ఇద్దరినీ నొక్కి చూసి తేల్చేశారు: "దాన్లో నాటురక్తం బయటపడింది. వీడిలో మా నాన్నగారి జాతి!"