తోడు మాస్టారి కింది అర

మాస్టారికి ఈ లోకంలో ఏదైనా సరే ఒంటరిగా కనబడితే నమ్మకం కుదరదు. పోల్చి చూడ్డానికి పక్కన ఇంకొకటి ఉండి తీరాలి. ప్రయోగశాలలో అందరూ దాన్ని కంట్రోల్ అంటారు, ఆయన మాత్రం "తోడు" అంటారు. అందుకే ఎలుకల మెదళ్ళ మీద జీవితం ధారపోసిన ఆ పెద్దమనిషికి తోడు మాస్టారనే పేరు స్థిరపడిపోయింది.

పొద్దున్నే ఒకరోజు కాఫీ తాగితే మర్నాడు ఉత్త వేణ్ణీళ్ళు తాగుతారు. నిద్రమత్తు వదిలించేది కాఫీయో, వేడో తేలాలి కదా! వానలో గొడుగు వేసుకుని, ఒక భుజం మాత్రం బయటికి పెట్టి నడుస్తారు. గొడుగు పనిచేస్తోందని రుజువుండాలట. ఆ భుజం తెచ్చిన జలుబు ఇంటిల్లిపాదికీ అంటుకునేది.

ఓసారి భోజనాల దగ్గర ముద్ద నోట్లో పెట్టుకుని ఆలోచనలో పడ్డారు.

"కూరలో ఉప్పెక్కువైనట్టుందే. ఉప్పు వెయ్యకుండా ఇదే కూర ఇంకో గిన్నెలో చేసుంటే కచ్చితంగా చెప్పేవాణ్ణి."

"అలాగేనండీ," అంది భార్య చల్లగా. "మీరు మంచి మొగుడో కాదో నాకూ ఇంతవరకూ తేలలేదు. తోడుకి ఇంకొకర్ని తెచ్చుకోనా?"

మాస్టారు ఆ పూట కూర మారు వడ్డించుకుని మరీ తిన్నారు.

ఆయన దగ్గర డాక్టరేటు చెయ్యడానికి చేరిన అమ్మాయికి మొదటి వారంలోనే తొందరమ్మ అని పేరు పెట్టేశారు. అన్యాయమేం కాదు, ఆ అమ్మాయి మెట్లు కూడా రెండేసి చొప్పున ఎక్కేది. ఎలుక మెదడులో ఒకానొక ప్రోటీన్ ఎక్కడెక్కడ ఉందో వెతకడం ఆమె పని. కణం నడిమధ్య కేంద్రకంలో కూర్చుని, ఏ జన్యువు ఎప్పుడు పనిలోకి దిగాలో చెప్పే ప్రోటీన్ అది. మామూలుగా కంటికి కనబడదు. దాన్ని వెతికి పట్టుకుని అతుక్కునే యాంటీబాడీ కావాలి. మెదడుని పల్చటి పొరలుగా కోసి, యాంటీబాడీలో నానబెట్టి, రంగెక్కిస్తే, అది అతుక్కున్న చోటల్లా గోధుమరంగు చుక్క తేలుతుంది.

కోసిన పొరల్లో ఒకటి వాడితే దాని పక్కది దాచాలని మాస్టారి శాసనం.

"ఎందుకు సార్? ఎలుకలకి పనిచేస్తుందని యాంటీబాడీ సీసా మీద రాసే ఉందిగా!"

"రాసుంది సరేనమ్మా. ఆ సంగతి ఎలుకకి తెలుసా?"

"ఫ్రీజర్లో చోటు లేదు సార్!"

అదీ నిజమే. కింది అరంతా మాస్టారి డబ్బాలే, వయసులో ఉండగా చేసిన ప్రయోగాల తాలూకు పొరలు. ఎవరైనా ఆ అర మీద చెయ్యి వేస్తే చాలు, పక్కగదిలోంచి పెద్ద దగ్గు వినిపించేది. ఏం చేస్తుంది పాపం, మిగిలిన పొరల్ని సింకు పక్కన పారేసేవాటి ట్రేలో వదిలేసి తొందరమ్మ ఇంటికి వెళ్ళిపోయేది. మర్నాడు వచ్చేసరికి ట్రే కడిగి బోర్లించి ఉండేది.

చుక్కలు మాత్రం బ్రహ్మాండంగా వచ్చాయి. ఉత్సాహంగా థీసిస్ రాయడం మొదలుపెట్టింది. అప్పుడు తగులుకున్నారు మాస్టారు.

"ఎలుక కాలేయం పొర మీద పెట్టి చూశావా? ఈ ప్రోటీన్ అక్కడ ఉండదు. చుక్క రాకూడదు."

"రాదు సార్. ఎందుకొస్తుంది?"

"రాకూడదనే నాకూ ఉంది. పెట్టు."

గొణుక్కుంటూ పెట్టింది. మైక్రోస్కోపులో చూస్తే ఏముంది, కాలేయం నిండా గోధుమరంగు చుక్కలు! ఆ యాంటీబాడీ దారినపోయే ప్రతిదాన్నీ చుట్టమనుకుని వాటేసుకునే రకమని అప్పుడు తెలిసింది.

తొందరమ్మ స్టూలు మీద కూలబడిపోయింది. ఏళ్ళ తరబడి చేసిన చాకిరీ మట్టికొట్టుకుపోయింది. కొత్త యాంటీబాడీ తెప్పించుకోవచ్చు, కానీ పొరలేవి? దాచమన్నవి దాచలేదు. ఇంకా ఎలుకల్ని చంపడానికి, జంతువుల మీద ప్రయోగాలకి అనుమతిచ్చే కమిటీ ఒప్పుకోదు. డాక్టరేటు అక్కడితో సరి.

"మీ మాట వినుంటే నాకీ గతి పట్టేది కాదు సార్!" అని భోరుమంది.

మాస్టారు చేతిరుమాలు ఇచ్చారు. కాస్సేపాగి రెండో జేబులోంచి ఇంకోటి తీసి ఇచ్చారు.

"ఏది బాగా పీలుస్తోందో తర్వాత చెబుదువుగాని. ముందెళ్ళి ఫ్రీజరు కింది అర తెరువు."

"మీ అరా?"

"తెరవమంటుంటే!"

తెరిచింది. వరసగా డబ్బాలు, మూతల మీద మాస్టారి వంకర రాత. ప్రతిదాని మీదా "తొందరమ్మ" అని ఉంది. తను సింకు పక్కన వదిలేసిన పొరలన్నీ వాటిలో చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"మరి మీవేవి సార్?"

"పారేశాను. చోటు కావాలిగా."

"అన్నీనా? తోడుకి ఒక్కటైనా ఉంచుకోలేదా?"

"వాటితో తేలాల్సింది ఎప్పుడో తేలిపోయిందిలే. తేలాల్సింది నీది."

"ముందే చెప్పొచ్చుగా సార్! ఈ అర ముట్టుకుంటే చాలు, దగ్గేవారు!"

"చెబితే ఇంకేముంది, మెట్లు మూడేసి చొప్పున ఎక్కేదానివి."

ఇంతకాలం చాదస్తమని నవ్వుకున్న మనిషి మీద తొందరమ్మకి ఎక్కడలేని అభిమానం పొంగుకొచ్చింది. ఏడుపూ నవ్వూ కలిసొచ్చి రెండు రుమాళ్ళూ తడిసిపోయాయి.

కొత్త యాంటీబాడీ వచ్చాక, ఎవరూ చెప్పకుండానే ముందు కాలేయం మీద పెట్టింది. ఒక్క చుక్క రాలేదు. మెదడు పొరల్లో వచ్చాయి, వెనకటి కంటే తక్కువే, కానీ నిఖార్సైనవి. మళ్ళీ మొదటినుంచీ రాసుకుంటే థీసిస్ నిలబడింది.

ఆఖరి మౌఖిక పరీక్షకి మాస్టారి భార్య కూడా వచ్చి వెనక వరసలో కూర్చుంది. అంతా అయ్యాక, పరీక్షించడానికి వచ్చినాయన మాస్టారి వైపు తిరిగారు.

"మీ విద్యార్థుల్లో ఈ అమ్మాయి ఎలాంటిదంటారు?"

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు.

"చెప్పలేనండీ. పోల్చి చూద్దామంటే తోడు దొరకలేదు."

హాలంతా చప్పట్లు. తొందరమ్మ తల దించుకుని రుమాలు కోసం వెతుక్కుంది. బయటికి వస్తుంటే మాస్టారి భార్య మూతి తిప్పింది.

"ఇన్నేళ్ళలో నా గురించి అంత మాట ఎప్పుడైనా అన్నారా?"

"కూరకి తోడు అడిగానుగానీ, నీకెప్పుడైనా అడిగానా?"

మర్నాడు భోజనాల బల్ల మీదికి కూర రెండు గిన్నెల్లో వచ్చింది, ఒకదాంట్లో ఉప్పు వేసి, ఒకదాంట్లో వెయ్యకుండా.