సగం సార్

ఆ బడిలో కంప్యూటర్ మాస్టారికి ఒకటే జబ్బు. ఎదుటివాళ్ళ మాట సగంలో ఉండగానే లేచి, అది నిజమో కాదో ఇంకెవర్నైనా అడగడానికి వెళ్ళిపోతారు. అందుకే పిల్లలు ఆయనకు ‘సగం సార్’ అని పేరు పెట్టారు. ఆయన ముందు మాట మొదలుపెట్టినవాళ్ళే గాని ముగించినవాళ్ళు లేరు.

కొత్తగా చేరిన తెలుగు టీచరుకు ఈ సంగతి మొదటి రోజే తెలిసింది. అసలే నోట్లోంచి మాట ఊడిపడడం గగనమైన మనిషి. ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని, “బయట వాన పడుతోందండీ, మీకు గొడుగు...” అంది.

మాస్టారు లేచారు. వరండా ఊడుస్తున్న ఆయమ్మ దగ్గరికెళ్ళి, “ఏమ్మా, వాన పడుతోందా?” అని అడిగారు.

“చీపురు తడిసి ముద్దయింది, కనబడ్డంలేదా బాబూ?”

“నిజమేనండీ, పడుతోంది” అని ఆయన తిరిగొచ్చేసరికి, టీచరు తల పుస్తకంలో దూరిపోయింది.

ఆయన పాఠమూ అదే. “ఇంటర్నెట్‌లో ఏదైనా కనబడితే, ఆ పేజీలోనే కూర్చుని నిజమా అబద్ధమా అని జుట్టు పీక్కోకండర్రా. దొంగని పట్టుకుని నువ్వు దొంగవా అని అడిగితే ఏమంటాడు?”

“కాదంటాడు సార్!”

“అందుకే బయటికి రావాలి. ఇరుగుపొరుగుని అడగాలి. ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు? ఆ ఫోటో అంతకుముందు ఎక్కడుంది?”

“సరే సార్.”

“సరే అంటారేం? నేను చెప్తే నమ్మేయడమేనా?”

అంతే, తరగతి ఖాళీ. సగంమంది సైన్సు టీచరు దగ్గరికి, సగంమంది గేటు దగ్గర వాచ్‌మన్ దగ్గరికి పరుగు. హెడ్మిస్ట్రెస్ వచ్చి చూస్తే, ఖాళీ బెంచీల ముందు మాస్టారొక్కరే పెళ్ళికొడుకులా వెలిగిపోతున్నారు. “పాఠం బ్రహ్మాండంగా తలకెక్కిందండీ వాళ్ళకి!”

పిల్లలకు సరదాగానే ఉండేది. పెద్దవాళ్ళతోనే చిక్కు. మధ్యాహ్నం అందరూ తినే బల్ల దగ్గర ఆయనకు చోటుండేది గాని కబుర్లుండేవి కావు. కొన్నాళ్ళకి డబ్బా తీసుకుని కంప్యూటర్ల గదిలోకి వెళ్ళిపోయారు. తెలుగు టీచరేమో లైబ్రరీలో బీరువాల మధ్య తినేది. రెండు గదులకీ నడుమ ఒకే గోడ. అటు చెంచా చప్పుడు ఇటు వినబడేది. సాయంత్రం అద్దెగదికి వెళ్ళాక ఆమెకు ఆ చప్పుడు కూడా లేదు.

అలా ఉండగా, తల్లిదండ్రుల ఫోన్ గ్రూపులో ఒక వార్త తిరిగింది. ‘పిల్లను కొట్టి ఉద్యోగం పోగొట్టుకున్న టీచరు.’ పక్కన తెలుగు టీచరు ఫోటో. హెడ్మిస్ట్రెస్ ఆమెనూ, ఫోన్ల సంగతి తెలిసినవారని మాస్టారినీ పిలిచారు.

“పొద్దున్నుంచీ ఒకటే ఫోన్లమ్మా. ఇది తేలేదాకా రేపట్నుంచి రావద్దు.”

“పేరు నాదే గాని ఆ మనిషి నేను కాదు మేడమ్. నాకిదే మొదటి ఉద్యోగం. నేనెప్పుడూ ఏ పిల్లనీ...”

కుర్చీ కిర్రుమంది. మాస్టారు లేచి వెళ్ళిపోయారు.

వాన గురించైతే నవ్వుకోవచ్చు. కానీ ఇదీ సగమేనా? ఆమె లైబ్రరీకి వచ్చి పుస్తకాలు సంచిలో సర్దుకోసాగింది. మధ్యాహ్నం డబ్బా మూతైనా తియ్యలేదు. గోడ అవతల బెంచీలు జరుగుతున్నాయి, పిల్లలు గుసగుసలాడుతున్నారు. తన గురించే కాబోలు అనుకుంది.

తన గురించే. సాయంత్రం గంట కొట్టకముందే తరగతి తరగతంతా లైబ్రరీ మీద పడింది.

“టీచర్! ఆ ఫోటో మన బడి పేజీలోదే. మొన్న పాటల పోటీకి మీరు జడ్జీగా కూర్చున్నారే, అప్పటిది. వెనకాల మన విరిగిన కిటికీ కూడా ఉంది!”

“వార్తేమో ఎప్పటిదో టీచర్, మేం బడిలో చేరకముందుది. పేరు కలిసిందని ఎవరో ఆవిడ ఫోటో తీసేసి మీది అతికించారు. అసలావిడ మీకన్నా బాగా లావు.”

“ఒసేయ్, అది చెప్పాలా?”

“ఆవిడ పనిచేసిన బడికి మన మేడమే ఫోన్ చేసి కనుక్కున్నారు. గ్రూపులో కూడా పెట్టేశారు. రేపు మీరు రావాలట!”

పిల్లలు వెళ్ళాక చూస్తే, గుమ్మంలో మాస్టారు తప్పుచేసినవాడిలా నిలబడి ఉన్నారు.

“నేను చెప్తుంటే లేచి వెళ్ళిపోయారు. నమ్మలేదు కదండీ?”

“వాన పడుతోందన్నప్పుడు నమ్మలేదు. ఇవాళ మొదటి మాటకే నమ్మేశాను. నమ్మి అక్కడే కూర్చుంటే మీకేం లాభం చెప్పండి? నా నమ్మకం చూసి ఆ తల్లిదండ్రులు ఊరుకోరు కదా!”

ఆమె సంచి పక్కన పెట్టింది. “తిన్నారా?” అంది.

“ఎక్కడండీ, ఈ పిల్లలతోనే సరిపోయింది.”

ఆమె తన డబ్బా ఆయన ముందుకు జరిపింది. “నేనే వండాను. ఉప్పు కాస్త...”

ఆయన ఒక చెంచాడు నోట్లో వేసుకున్నారు. “అమోఘంగా ఉందండీ!” అన్నారు. డబ్బా పట్టుకుని లేచారు. వరండాలోంచి గొంతు వినబడింది. “ఏమ్మా, ఇది రుచి చూసి చెప్పు.”

“ఉప్పు కషాయం బాబూ!” అంది ఆయమ్మ.

తెలుగు టీచరు పకపకా నవ్వింది. సంచిలోంచి పుస్తకాలు తీసి బల్లమీద పెట్టింది. ఇంకో కుర్చీ లాగి, పక్కన మంచినీళ్ళ గ్లాసు ఉంచింది. ఆయన తిరిగొస్తారా అని ఎవర్నీ అడగలేదు.