ర్యాంపు మీద అక్క గీతలు

మా పెద్దక్కని చాటుగా స్కేలు అంటాం. మాట ముక్కుసూటి, మనిషి వంగదు. ఆర్కిటెక్టు ఆఫీసులో ఇళ్ళ ప్లాన్లు గీయడం ఆమె ఉద్యోగం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ కిటికీ పక్కన అదే బల్ల. మారేదల్లా కంప్యూటర్లో సాఫ్ట్‌వేరు ఒక్కటే.

పాత వెర్షను సరిగ్గా చూపించనివి చాలా ఉండేవి. రెండు గోడలు కలిసే చోట గీతలు ఒకదాన్నొకటి దాటుకుని పోయేవి. పైనుండే అటక ప్లానులో కనబడేదే కాదు. మెట్లకు బదులు వాలుగా కట్టే ర్యాంపు పెడితే ఆ చోటు ఖాళీగా ఉండేది. అవన్నీ అక్క విడిగా గీసేది. ర్యాంపుకైతే వరసగా అడ్డగీతలు, వాటి మీదుగా ఒక బాణం. పక్కన పేరు రాసేది కాదు. ఆఫీసు మేస్త్రీలందరికీ ఆ గుర్తు కంఠతా వచ్చు.

కొత్త వెర్షను వచ్చిన రోజు ముఖం మాడ్చుకుని ఇంటికొచ్చింది.

"అన్నీ అదే చూపించేస్తుందట. ఇంక నేనెందుకు, గోళ్ళు గిల్లుకోవడానికా?"

కొద్దిరోజులకే మాట మారింది. గోడలు చక్కగా కలుస్తున్నాయట, అటక చుక్కల గీతల్లో దానంతటదే వస్తోందట, ర్యాంపు అంచులూ బాణమూ కూడా చూపిస్తోందట. భోజనాల దగ్గర ఒకటే పొగడ్త. నాకు ఒళ్ళు మండేది. నిన్నటిదాకా తిట్టింది ఆ నోరే కదా!

అంతలో అమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఇక చక్రాల కుర్చీయే అన్నారు డాక్టర్లు. మా పడగ్గదులన్నీ మేడ మీదే. అందుకని హాలు వెనక పల్లంగా ఉన్న ఖాళీలో అమ్మకో గది వెయ్యాలనుకున్నాం. అమ్మ ఒక్కటే అడిగింది.

"హాల్లోకి నా అంతట నేను రావాలర్రా. ప్రతిదానికీ మిమ్మల్ని కేకేస్తే నాకు చచ్చే నామోషీ."

ఎప్పుడో ఇంకెవరికోసమో ర్యాంపుతో సహా గీసిన గది పాత ఫైల్లో ఉంటే, అక్క దాన్ని కొత్త వెర్షన్లో తెరిచి మా స్థలానికి సరిపెట్టింది. ఆఫీసు మేస్త్రీలు దొరక్క కొత్తాయన్ని పెట్టాం. బావ ఆయన చేతిలో కాగితం పెట్టి తన ఆఫీసుకు పరిగెత్తాడు. నెలన్నరపాటు మేమంతా ఆసుపత్రి చుట్టూనే తిరిగాం, వెనక పని వైపు ఎవరమూ తొంగిచూడలేదు.

అమ్మని ఇంటికి తెచ్చేసరికి గది తయారు. హాల్లోంచి గదిలోకి దిగడానికి నున్నటి మెట్లు!

అక్క ఒంటికాలి మీద లేచింది. "ర్యాంపు గీస్తే మెట్లు కట్టావేంటయ్యా?"

మేస్త్రి కాగితం విప్పాడు. "అడ్డగీతలున్నాయి, బాణముంది. మెట్లు కాకపోతే ఇవేంటమ్మా?"

నేను లాక్కుని చూశాను. నాకూ మెట్లే కనబడ్డాయి. కొత్త వెర్షను ర్యాంపును శుభ్రంగానే చూపించింది. దాని మీద అక్క పాత అడ్డగీతలు అలాగే ఉండిపోయాయి. చూడలేదా అంటే చూసింది. ఏళ్ళ తరబడి ఆమె కంటికి ఆ గీతలంటే ర్యాంపే మరి. మేస్త్రిని అనడానికేమీ లేదు.

అమ్మ కుర్చీ మెట్ల అంచున ఆగింది. కాసేపు కిందికి చూసి, "పోనీలేవే, ఎవర్నో ఒకర్ని పిలుస్తాలే" అంది.

అక్క ఆ మెట్టు మీదే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. స్కేలు వంగడం నేను చూడ్డం అదే మొదలు. అప్పటిదాకా ఎగతాళి చేసిన నాకూ కళ్ళనీళ్ళు ఆగలేదు.

మర్నాడు ఆ గీతలు తీసేసి కొత్త కాగితం తెచ్చింది. మేస్త్రికిచ్చే ముందు అమ్మ ఒళ్ళో పెట్టింది.

"ఇదేంటో చెప్పమ్మా."

"నాకేం తెలుసే నీ గీతలు?"

"తెలీదు కాబట్టే అడుగుతున్నా."

అమ్మ బాణం వెంట వేలు పోనిచ్చింది. "ఏదో దారిలా ఉంది. మధ్యలో అడ్డమేమీ లేదు."

అక్క పక్కనే పెద్ద అక్షరాలతో 'ర్యాంపు' అని కూడా రాసింది. మేస్త్రి గొణుక్కుంటూనే మెట్లు పగలగొట్టాడు.

ఇప్పుడు ఏ ఇంటి ప్లానైనా ముందు అమ్మ దగ్గరికి రావాల్సిందే. అమ్మకు పట్టపగ్గాల్లేవు. "ఈ వంటింట్లో మనిషి వెనక్కి తిరిగితే మోచెయ్యి తలుపుకి కొట్టుకోదూ?" అంటుంది. అక్క మూతి ముడుచుకుని మారుస్తుంది.

నిన్న అక్క ఒట్టి చేతులతో వచ్చి హాల్లో చతికిలబడింది. వెనక గదిలోంచి చక్రాల చప్పుడు. ఆగుతోంది, మళ్ళీ కదులుతోంది. అక్క లేవబోయింది. నేను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. రొప్పుతూ ర్యాంపెక్కి వచ్చి అమ్మ గద్దించింది.

"ఏమే, ఇవాళ ఇళ్ళేమీ తేలేదా?"