ఇరవైమూడో మనిషి

పేరమ్మకు భయమంటే ఏందో తెలవదని పాళెంలో అందరూ అంటారు. అనేవాళ్లకేం, నోరుంది, అంటారు. ఆమెకు తెలిసినంత భయం ఈ కోట మండలం తీరంలో ఇంకెవరికీ తెలవదు. కాకపోతే దాన్ని కొంగున ముడేసుకుని తిరిగే నేర్పు ఆమెకుండాది, అంతే.

పద్దెనిమిదేళ్ల కింద వచ్చిన తుఫానుకు వేటకు పోయిన పదకొండు మంది తిరిగి రాలేదు. వాళ్ల పేర్లు కాగితం మీద వరసగా రాసి బడి గోడకు అంటించినారు. మూడో పేరు పేరమ్మ మొగుడిది. ఆ ఏడాదే ఆమె పన్నెండు మంది ఆడోళ్లను కూడేసి తుఫాను సంఘం పెట్టింది. పని చెప్పుకోవడానికి చిన్నదే. గాలీవానా వస్తుందని కబురందితే, తమంతట తాము కదల్లేనోళ్లను, అంటే ముసలోళ్లను, నెలలు నిండిన ఆడబిడ్డల్ని, మంచాన పడినోళ్లను బస్సెక్కించి కోట ఊరికి చేర్చాల. ఎవురింటికి ఎవురు పోవాలో, ఎవుర్ని ఇద్దరు మొయ్యాలో, ఎవుర్ని నలుగురు మొయ్యాలో అంతా పేరమ్మే చెప్పాల. ఈ పద్దెనిమిదేళ్లలో ఒక్క ప్రాణం పోలేదు.

ఆ గోడ కాగితం తర్వాత పాళెంలో ఒక కట్టుబాటు పడింది. బతికున్నోళ్ల పేర్లు వరసగా రాయకూడదు. రాస్తే సముద్రంలో గంగమ్మ చదువుకుని, ఆ వరసనే తీసకపోతుందంట. నవ్వొస్తుందా? రండి, వచ్చి ఆ గోడ ముందర నిలబడి నవ్వండి చూద్దాం. అందుకే సంఘానికి పుస్తకం లేదు. పేరమ్మ బుర్రే పుస్తకం. నెల్లూరు నుంచి శిక్షణ ఇవ్వడానికి వచ్చిన ఒక మేడం, "ఒక్క మనిషి మీద నిలబడిన సంఘం ఎన్నాళ్లుంటుందమ్మా? మీ తర్వాత ఎవరు చూస్తారు?" అనడిగితే, "నేనేం రేపే పోతానా తల్లీ!" అని నవ్వేసింది. భయంతో పాటు రవంత పొగరు కూడా ఉండాదిలే. నలుగురూ తన మొహం చూడందే కదలరంటే ఎవురికి చేదు?

ఆ పొగరు వినాయక చవితి దాటినాక అణిగింది. ఒక పొద్దున ఎండు చేపలు తిరగేసి ఇంటికొస్తా పేరమ్మ వీధి మధ్యలో ఆగిపోయింది. ఎదురుగా ఉన్న నీలం తలుపుల ఇల్లు ఎవురిదో తెలవలా. ముప్పై ఏళ్లుగా తిరిగిన వీధి! కళ్లు మూసి తెరిచింది. అయినా తెలవలా. లోపల్నుంచి చెంగయ్య బైటికొచ్చి "ఏందొదినా, అట్టా నిలబడిపోయినావు?" అన్నాక గానీ అది సొంత మరిది ఇల్లని తట్టలేదు.

తర్వాత ఇంకో రెండుసార్లు అట్టాగే అయింది. ఎవురితోనూ అనలా. అంటే పాళెం ఏమైపోవాల? రోజూ లేస్తానే వేళ్ల కణుపుల మీద పేర్లు చెప్పుకునేది. తప్పిందంటే మళ్లీ మొదట్నుంచి. ఇప్పటికి మొత్తం ఇరవైముగ్గురు. అందరూ నోటికి వస్తేనే కాఫీ చుక్క తాగేది.

కార్తీకంలో తుఫాను రానే వచ్చింది. మధ్యాహ్నం మూడుకల్లా గాలికి రేకులు లేస్తుండాయి. రెండు బస్సులు పోయినాయి. మూడోదే ఆఖరుది. కృష్ణపట్నంలో కంపెనీ బస్సు తోలే మస్తాన్, సాయానికని తన బస్సు తెచ్చినాడు.

"అక్కా, అందరూ ఎక్కినట్టేనా? కోట దోవలో వాగు చప్టా మీద నీళ్లు పొర్లుతుండాయి. ఇంకో అరగంట దాటితే మనం ఆ పక్కకు పోలేం" అని అరిచినాడు.

బస్సులో ఉన్నోళ్లంతా పేరమ్మ వంక చూసినారు. ఆమె 'పోనియ్' అంటేనే బస్సు కదలాల. అదీ అలవాటు.

ఆమె మాత్రం తన వేళ్ల వంక చూసుకుంటుండాది. మూడు బస్సుల్లోనూ మోసుకొచ్చినోళ్లను ఎక్కించేటప్పుడు ఒక్కో కణుపూ తాకుతానే ఉండాది. ఇరవైరెండు కాడ వేలు ఆగిపోయింది. ఇంకొకరుండారు. ఎవురు?

కళ్లు మూసుకుని ఐసు ఫ్యాక్టరీ కాడ్నుంచి మనసులోనే వీధి వీధీ తిరిగింది. తలుపులు కనపడుతుండాయి, మనుషులు కనపడడంలా. 'అందరూ ఎక్కినారు, పోనియ్' అంటే చాలు. ఎవురూ ఎదురడగరు. నీళ్లు దిగినాక, ఏ ఇంట్లోనో తలుపు తెరిచినాక కదా తెలిసేది! అమ్మా గంగమ్మా, నా నోట అబద్ధం పలికించబాక తల్లీ అనుకునింది.

"ఒకరు తక్కువుండారు. ఎవురో నాకు గుర్తుకు రావడంలా."

"పరాచికాలకు ఇదా వేళ వదినా?" అన్నాడు చెంగయ్య.

"పరాచికం కాదయ్యా. రెండు నెల్లుగా నాకు మతి నిలవడంలా. చెప్పడానికి భయపడినా."

బస్సులో ఒక్కసారిగా గోల లేచింది. ముందు పోయిన బస్సులకు ఫోన్లు చేసినారు. ఎవురికి వాళ్లు తమ ఇంటోళ్లను చూసుకున్నారు. మా అత్త ఉండాది, మా బిడ్డ ఉండాది, మా తాత ముందు బస్సులో పోయినాడు. ఎవురింట్లోనూ మనిషి తక్కువ లేదు. దాంతో పేరమ్మ పైప్రాణాలు పైనే పోయినాయి. మిగిలింది ఎవురికీ ఏమీ కాని మనిషన్న మాట. ఆ మనిషి కోసం అడిగే దిక్కు తాను తప్ప ఇంకెవురూ లేరు.

మస్తాన్ హారన్ కొట్టినాడు.

అప్పుడు వెనక సీట్లోంచి దుర్గ లేచింది. సంఘంలో అందరికన్నా చిన్నది, వలలు బాగుచేసుకుని బతికే పిల్ల. మొహం తెల్లగా పాలిపోయింది.

"పెద్దమ్మా, తిట్టబాక. పోయిన అమావాస్యకు వేట లేని రోజు మనిద్దరం ఇళ్లు తిరిగినాం కదా, నువ్వు చెప్పిందంతా ఫోన్లో రికార్డు చేసినా. చచ్చిపోయిన మీ చెల్లెలి పేరు పెట్టి నన్ను రెండుసార్లు పిలిచినావు. నాకు భయమేసింది. రాయలేదు పెద్దమ్మా, గంగమ్మ మీదొట్టు, ఒక్క అక్షరం రాయలా."

ఫోన్లోంచి పేరమ్మ గొంతే వినపడింది, ధీమాగా, ఒక్కో పేరూ చెప్తా. చివరికొచ్చేసరికి: "ఇరవైమూడు. యెహోషువ. రొయ్యల గుంట కాపలా. కాలికి సిమెంటు కట్టుండాది. ఇద్దరు మొయ్యాల."

పేరమ్మ నెత్తి కొట్టుకునింది. గూడూరు వైపు నుంచి పనికొచ్చినోడు. గుంటల చివర రేకుల షెడ్డులో ఒక్కడే ఉంటాడు, పాళెంలో చుట్టం లేదు పక్కం లేదు. "తిప్పు బస్సు!" అని అరిచింది.

గుంట కట్ట కాడ బస్సాగింది. చెంగయ్య, ఇంకో మనిషి నడుంలోతు నీళ్లలో దిగినారు. వద్దన్నా వినకుండా పేరమ్మా దిగింది. షెడ్డులో నీళ్లు మంచం నులక దాకా వచ్చేసినాయి. దాని మీద యెహోషువ చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, మూట ఒళ్లో పెట్టుకుని, ఊరికి బయలుదేరినోడిలా కూచోనుండాడు. వీళ్లను చూసి నవ్వినాడు. "వస్తారని తెలుసు" అన్నాడు.

చప్టా దాటేటప్పుడు నీళ్లు బస్సు మెట్టెక్కినాయి. ముందు కడ్డీ పట్టుకోనున్న పేరమ్మ చేతులు బస్సు అవతల గట్టెక్కినాక కూడా ఊడి రాలేదు.

ఆమె పోయి యెహోషువ పక్కన కూలబడింది. "చాలాసేపు చూసినావా అబ్బయ్యా?"

"పొద్దున్నుంచీ చూస్తుండా అమ్మా," అన్నాడు వాడు మామూలుగా. "తొమ్మిదింటికి నీళ్లు లేవు. దేక్కుంటా అయినా రోడ్డెక్కేసుందును. అమావాస్య నాడు షెడ్డుకొచ్చినప్పుడు నువ్వే కదా, గాలీవానా వస్తే కదలబాక, మనిషిని నేను పంపిస్తా అన్నావు. అందుకని కదల్లా."

వాడి మాటలో నిష్ఠూరమన్నది లేదు. ఉన్నా బాగుండేది. పేరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మొగుడి పేరు గోడ మీద చూసిన రోజున కూడా అంత మంది ముందర ఏడవలేదు.

ఏడ్చి, మొహం తుడుచుకుని, "మే దుర్గా" అని పిలిచింది. "ఆ రికార్డు మన పన్నెండు మందికీ పంపించు."

"వదినా, కట్టుబాటు..." అని నసిగినాడు చెంగయ్య.

"గంగమ్మతో నేను చెప్పుకుంటాలే, నువ్వు గమ్మునుండు." పేరమ్మ దుర్గ వంక తిరిగింది. "కోట చేరినాక కాదు మే, సిగ్నల్ ఉండంగానే పంపించు. నాకు గుర్తుండంగానే."